ఏడు నిలువు, ఆరక్షరాలు

సివిల్స్‌కి చదివేవాళ్ళు ‘ది హిందూ’ పేపర్ని ఎలా చదువుతారో మనందరికీ తెలుసు. ఎడిటోరియల్ పేజీకి మూడు రంగుల హైలైటర్లు, ఆర్థికం పేజీకి నోట్సు, అంతర్జాతీయం పేజీకి మ్యాపు. మిగిలింది అటకెక్కుతుంది. ఆ మిగిలిన దాంట్లో రోజూ ఒక మూల పదిహేను బై పదిహేను నలుపు తెలుపు గడులు ఉంటాయి. వాటి పక్కన ఉన్న ఇంగ్లీషు వాక్యాలు చదివితే తలా తోకా కనిపించదు. మా రూంలో ముగ్గురం ఉంటాం. అందులో వైజాగు అబ్బాయి ఒక్కడే దాన్ని పూరిస్తాడు. మొదట్లో మేం దాన్ని ఇంగ్లీషు మీడియం వాళ్ళ విలాసం అనుకునేవాళ్ళం.

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ఆప్షనల్ తెలుగు సాహిత్యం. ఇది నా ఆరో అటెంప్టు. జనరల్ కేటగిరీ వాళ్ళకి ఆరు అంటే ఏమిటో ఇక్కడ చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇలాంటి సమయంలో పజిళ్ళ గురించి రాయడమేమిటని అడుగుతారేమో. ముందే చెప్పేస్తాను: క్రాస్‌వర్డ్ చేస్తే ప్రిలిమ్స్‌లో ఒక్క మార్కు కూడా పెరగదు. మెదడుకి పదును అని కోచింగ్ సెంటర్లలో చెప్పే మాటల మీద నాకు నమ్మకం లేదు. నేను రాస్తున్నది వేరే కారణానికి. అది ఏడు నిలువు దగ్గరికి వచ్చాక తెలుస్తుంది.

ముందు ఈ ఆట ఎలా పుట్టిందో నాలుగు మాటలు. 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ ఆదివారం సంచికలో ఆర్థర్ విన్ అనే ఆయన వజ్రం ఆకారంలో ఒక గడుల పజిల్ వేశాడు. దానికి పెట్టిన పేరు ‘వర్డ్ క్రాస్’. కొన్ని వారాలకే అచ్చులో మాటలు అటూ ఇటూ అయి ‘క్రాస్ వర్డ్’ అయింది. పేరే తడబడిందన్నమాట. అమెరికాలో ఆధారాలు సూటిగా ఉండేవి: మాటకి అర్థం ఇస్తారు, మాట రాయాలి. ఇంగ్లండుకి వెళ్ళాక దానికి వంకర బుద్ధి పుట్టింది. 1926 నుంచి ‘అబ్జర్వర్’ పత్రికలో ఎడ్వర్డ్ పోయిస్ మేథర్స్ కూర్చిన పజిళ్ళు పూర్తిగా గూఢమైనవి. ఆయన పెట్టుకున్న కలంపేరు టార్కెమాడా. స్పెయిన్‌లో మతవిచారణ పేరుతో జనాన్ని హింసించిన అధికారి పేరది. పూరించేవాళ్ళని ఏం చేయదలిచాడో పేరులోనే చెప్పాడు. ఆయన తర్వాత 1939లో ఆ కుర్చీలోకి వచ్చిన డెరిక్ మక్‌నట్ కూడా అదే కోవకు చెందిన మరో విచారణాధికారి పేరు పెట్టుకున్నాడు, జిమెనెస్ అని. కానీ చేసిన పని వేరు. హింసకి ఒక చట్టం రాశాడు. 1966లో ఆయన వేసిన పుస్తకం నేటికీ ఈ ఆటకి ధర్మశాస్త్రం లాంటిది.

ఆ చట్టం సారాంశం ఇది. ప్రతి ఆధారంలోనూ రెండు భాగాలుంటాయి. ఒకటి జవాబుకి సరైన అర్థం. రెండోది అక్షరాలతోనో శబ్దంతోనో అదే జవాబుని చేరుకునే మరో దారి. ఈ రెండు తప్ప మూడోది ఉండకూడదు. వాక్యం పైకి చెప్పే కథ అబద్ధం కావచ్చు, పూరించేవాడిని ఎటో తీసుకుపోవచ్చు. కానీ ఒక్కొక్క మాటా విడదీసి చూస్తే ప్రతిదానికీ లెక్క తేలాలి. మోసం చేయవచ్చు, అన్యాయం చేయకూడదు.

ఇంగ్లీషులో దీనికి రెండు ప్రసిద్ధమైన నమూనాలు మా వైజాగు అబ్బాయి మొదటిరోజే చెప్పాడు. హెచ్, ఐ, జె, కె, ఎల్, ఎం, ఎన్, ఓ: ఇంతే ఆధారం, జవాబు అయిదక్షరాలు. ఏముంది అందులో? హెచ్ నుంచి ఓ దాకా ఉన్న అక్షరాలు. ఇంగ్లీషులో చెప్పండి: హెచ్ టు ఓ. నీళ్ళు. జవాబు ‘వాటర్’. రెండోది ఇంకా చిన్నది: జి, ఇ, జి, ఎస్. జవాబు రెండు మాటలు, తొమ్మిదీ నాలుగూ అక్షరాలు. ‘ఎగ్స్’ అనే మాట చెదిరిపోయి ఉంది. చెదిరిన గుడ్లు, ‘స్క్రాంబుల్డ్ ఎగ్స్’. అలాగే ‘ఫ్లవర్’ అని కనిపిస్తే పువ్వు కాకపోవచ్చు. ‘ఫ్లో’ అయ్యేది ఫ్లవర్, అంటే పారేది, అంటే నది. ఇది విన్నప్పుడు నాకు ఇంగ్లీషు మీద భయం కాస్త సడలింది. ఇది ఇంగ్లీషు రాకపోవడం గురించిన ఆట కాదు, వచ్చిన ఇంగ్లీషుని అనుమానించడం గురించిన ఆట. అనుమానించడం పరాయివాడికే ఇంకా బాగా వస్తుంది.

అదీగాక ఇది మనకి కొత్తేమీ కాదు. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ చూడండి. అదే పద్యం రామాయణమూ చెబుతుంది, భారతమూ చెబుతుంది. మాటల్ని ఎక్కడ విరిచి చదువుతున్నామన్న దాన్ని బట్టి కథ మారిపోతుంది. అవధానంలో వ్యస్తాక్షరి అని ఒక అంశం ఉంది. ఒక వాక్యంలోని అక్షరాలని వరస తప్పించి, మధ్యమధ్య వేరే పనులు జరుగుతుండగా, ఒక్కొక్కటీ అందిస్తారు. అవధాని అవన్నీ మనసులో గడుల్లో పెట్టుకుని చివర్లో వాక్యం అప్పజెప్పాలి. కాగితం లేని క్రాస్‌వర్డే అది. ఇక అచ్చులో చూస్తే శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’ కూర్చాడు, ఆరుద్ర ‘గళ్ళ నుడికట్టు’ కూర్చాడు. అంత పెద్ద కవులు తీరికలేక చేసిన పని కాదది.

ఇక అసలు విషయం. మా పెదనాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మాది తణుకు దగ్గర పల్లె. నేను అశోక్‌నగర్ వచ్చి రూం తీసుకున్న ఏడాది నుంచీ, ప్రతి శనివారం సాయంత్రం ఆయన దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో వస్తుంది. స్కేలు పెట్టి గీసిన పదకొండు బై పదకొండు గడులు, కింద ముత్యాల్లాంటి అక్షరాలతో అడ్డం, నిలువు ఆధారాలు. ఉత్తరం ముక్క ఉండదు. ‘ఎలా చదువుతున్నావు’ ఉండదు. రిజల్ట్స్ వచ్చిన వారం కూడా పజిలే వచ్చింది, వేరే మాట రాలేదు. నేను ఆదివారం ఒక గంట దానికి కేటాయిస్తాను. పూరించి ఫొటో తిరిగి పంపుతాను. ఆయన టిక్కులు పెట్టి మళ్ళీ పంపుతారు. ఆరేళ్ళుగా మా మధ్య నడిచిన సంభాషణ ఇదే.

మొన్న వచ్చినది మాత్రం గంటలో తెగలేదు. బుధవారం రాత్రి దాకా పట్టింది. వారపత్రికల్లో వచ్చే గడులు చేసేవాళ్ళకి ‘తడబడిన’, ‘వెనుదిరిగిన’ లాంటి మాటలు పరిచయమే. ఇది ఆ స్థాయి దాటింది. కొన్ని ఆధారాలు విప్పి చూపిస్తాను.

తేలికైన దాంతో మొదలుపెడదాం. ‘మర తిరిగితే లక్ష్మి (2)’. మా ఊళ్ళో రైసుమిల్లుని ఇప్పటికీ మర అనే అంటారు. మర తిరిగితే ఇంట్లోకి లక్ష్మి రావడం ఎవరికైనా తెలిసిన సంగతే. అది పై కథ. లోపలి కథ: ‘మర’ అనే మాటని తిప్పి రాయండి, రమ. రమ అంటే లక్ష్మి. మూడే మాటలు, ఒక్కటీ వృథా కాలేదు. ‘తిరిగితే’ అన్న మాట ఇక్కడ సంకేతం. తిరగబడు, వెనక్కి, తలకిందులు, ఇలాంటి మాట కనిపిస్తే అక్షరాలు వెనక నుంచి చదవమని అర్థం. ఈ సంకేతాన్ని గుర్తుపెట్టుకోండి, దీంతో పని ఉంది.

‘ఎటు తిరిగినా పట్టేది కాసేపే (3)’. ఇది సివిల్స్ వాళ్ళ మీద విసురు అని నాకు గట్టి అనుమానం. జవాబు కునుకు. కు, ను, కు: ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా అదే. ఎటు తిరిగి పడుకున్నా పట్టేది కాస్తంతే.

‘ప్రభుత్వం చాచే చెయ్యి (2)’. దీనికి ఎకానమీ నోట్సూ పనికొస్తుంది, శబ్దరత్నాకరమూ పనికొస్తుంది. కరం అంటే చెయ్యి, కరం అంటే పన్ను. మూడు మాటల్లో పన్నుల వ్యవస్థ మొత్తం వచ్చేసింది. మాటల మార్పిడి ఏమీ లేదు, ఒక మాటకున్న రెండు అర్థాలు ఒకదానిపై ఒకటి కూర్చున్నాయి. మనవాళ్ళు దీన్నే శ్లేష అన్నారు.

‘ఏనుగు, చేదు ఆకు: పని అయ్యాక పక్కన పెట్టేది (5)’. కరి, వేపాకు. కరివేపాకు. ‘కూరలో కరివేపాకులా తీసేశారు’ అంటాం కదా, ఆ జాతీయమే ఇక్కడ అర్థం భాగం. దీన్ని అతుకుల ఆధారం అంటాను నేను. ఇదే జాతిది మరొకటి: ‘స్వప్నం, దేవుడిచ్చేది: రెండూ కలిస్తే ఆందోళన (4)’. కల, వరం. కలవరం. దీని దగ్గర నేను కాసేపు పెన్ను పక్కన పెట్టాను. కల ఉంది, దానికోసం ఇంట్లోవాళ్ళు దేవుణ్ణి అడుగుతున్న వరమూ ఉంది. రెండూ పక్కపక్కన పెడితే వచ్చే మాట ఇదా! ఈ మాటని ఇన్నేళ్ళుగా వాడుతూ లోపల ఏముందో చూడనేలేదు ఎవరం.

తెలుగు గడికీ ఇంగ్లీషు గడికీ ఉన్న తేడా ఇక్కడ చెప్పాలి. ఇంగ్లీషులో గడికి ఒక అక్షరం, మనకి గడికి ఒక పూర్తి అక్షరం: గుణింతం, వత్తు, సున్న అన్నీ కలిపి ఒకే గడిలో ఉంటాయి. అందుకని ఇంగ్లీషులో వీలయ్యే తారుమార్లు మనకి వీలు కావు. ‘కర్నూలు’ అన్నప్పుడు చెవికి ‘నూలు’ వినిపిస్తుంది. కానీ గడుల్లో అది క, ర్నూ, లు. నూలు అక్కడ లేదు, ‘ర్’ దాన్ని పట్టుకుని వదలదు. కాబట్టి తెలుగులో ఆధారం కూర్చడం కష్టం, అందుకే తడబాటు ఆధారాలు మన పత్రికల్లో చాలావరకు చప్పగా ఉంటాయి. పెదనాన్నది ఇలా ఉంది: ‘ఎవరి వలన ఇంత తికమక? పెద్ద కథే! (3)’. ‘వలన’ అన్న మాట తికమకైతే నవల. పెద్ద కథే మరి. పై వాక్యం ఇంట్లో ఎవరో విసుక్కున్నట్టు సహజంగా ఉంది. కానీ జిమెనెస్ చట్టం ప్రకారం ఇందులో లోపం ఉంది. ‘ఎవరి’, ‘ఇంత’ అన్న మాటలకి లోపల పని లేదు, అలంకారానికి తెచ్చినవి.

కష్టం సరే, మనకి మాత్రమే ఉన్న ఆయుధాలు కూడా ఉన్నాయి. ఏడు స్వరాలూ ఏడు అక్షరాలు. ‘సారంలో గాంధారం కలిపితే సముద్రం (3)’: సారం మధ్యలో ‘గ’ పెట్టండి, సాగరం. పర్యాయపదాలు ఉన్నాయి. చిన్నప్పుడు పెదనాన్న అరుగు మీద కూర్చోబెట్టి వల్లె వేయించేవారు: ఏనుగు కరి, కోతి కపి, కోయిల పికం, చేప మీనం. ఒక్క ‘హరి’కే విష్ణువు, సింహం, గుర్రం, కోతి, కప్ప అని చెప్పుకుంటూ పోవచ్చు. అప్పుడు అది చాకిరీ. ఇప్పుడు అదే నా సంచిలో రొక్కం.

అన్నిటికంటే పెద్ద ఆయుధం సంధి. ఈ పజిల్లో నాకు బాగా నచ్చిన ఆధారం ఇది: ‘అధిక శత్రువుతో సంధి చేసుకున్న ఉన్నతోద్యోగి (4)’. చదవగానే ఏదో రాజకీయ కథ. ఐఆర్ చదివే వాళ్ళకి ఒప్పందాలు, శాంతి చర్చలు గుర్తొస్తాయి. సంధి అనగానే అటే పోతాం. కానీ మాస్టారి సంధి వ్యాకరణంలోది. శత్రువు అంటే అరి. అధిక, అరి: సవర్ణదీర్ఘ సంధి చేస్తే రెండు అకారాలూ కలిసి ఆకారం అవుతాయి. అధికారి. ఇలాంటి విన్యాసం ఇంగ్లీషులో వీలుకాదు. రెండు మాటలు కలిసినప్పుడు వాటి అంచుల్లో అక్షరమే మారిపోవడం మన భాష లక్షణం. దాన్నే ఆధారంగా వాడుకోవడం చూస్తే టార్కెమాడా కూడా టోపీ తీసేవాడనుకుంటాను. దీన్ని పూరిస్తున్నప్పుడు మా రూంలో మూడోవాడు పక్కనుంచి చూసి, ‘మీ పెదనాన్న నిన్ను అధికారి అని రాయించాడ్రా, శుభం’ అన్నాడు. నేనేమీ అనలేదు.

‘ఓటమిలో తొలి సగం వదిలేస్తే గెలుపు (2)’. పరాజయంలోంచి ‘పరా’ తీసేస్తే జయం. అపజయం నుంచి ‘అప’ తీసినా జయమే, కాబట్టి చిక్కు లేదు. ఇది పజిల్లోకెల్లా తక్కువ రకం ఆధారం. ఏ కోచింగ్ సెంటరో చూస్తే గోడ మీద రాయించేస్తుంది.

ఇప్పుడు ఏడు నిలువు. ‘మళ్ళీ, సున్న చెరిగిన రాగం, మీరూ మేమూ: తిరిగి రాక (6)’.

ఆదివారానికి నా దగ్గరున్నవి మూడు అక్షరాలు. నవల వల్ల రెండో గడిలో ‘న’. సాగరం వల్ల నాలుగో గడిలో ‘గ’. పద్దెనిమిది అడ్డం ‘డబ్బు’ అన్న సాదా ఆధారం, ధనం, దాంతో చివరి గడిలో ‘నం’. ఏదో, న, ఏదో, గ, ఏదో, నం. ఇంత తెలిసినా మాట పడలేదు. ఎందుకంటే ఆయన వేసిన ఎర అలాంటిది. ఆ పజిల్లోనే ‘మర తిరిగితే’ అని నేర్పారు, ‘ఎటు తిరిగినా’ అని మళ్ళీ నేర్పారు. కాబట్టి ‘తిరిగి రాక’ అని చూడగానే ఎవరైనా ‘రాక’ని తిప్పి ‘కరా’ అని రాసుకుంటారు. ఆ ‘కరా’ని ఎక్కడ ఇరికించాలా అని రెండు రోజులు పోతాయి. మంచి కూర్పరి చేసే పని ఇదే. ఒక మాటకి సంకేతం అనే అలవాటు చేసి, తర్వాత అదే మాటని మామూలు అర్థంలో వాడతాడు. దాచుకోవడానికి వెలుతురుకి మించిన చోటు లేదు.

పైగా ‘రాక’ అన్న మాట చూడండి. రాక అంటే రావడం: ఆయన రాక కోసం ఎదురుచూశాం. రాక అంటే రాకుండా: ఆయన రాక ఇబ్బంది పడ్డాం. ఒకే మాట, ఒకే పలుకు, రెండు వ్యతిరేకార్థాలు. ‘తిరిగి రాక’ అంటే తిరిగి రావడమా, తిరిగి రాకపోవడమా? వాక్యం చుట్టూ ఏమీ లేకపోతే తెలిసే దారే లేదు. ప్రిలిమ్స్‌లో ‘కింది వాటిలో ఎన్ని సరైనవి’ అని అడిగినప్పుడు ఒక్క మాట దగ్గర పది నిమిషాలు కూర్చుంటాం చూడండి, అలా కూర్చున్నాను. తేడా ఏమిటంటే అక్కడ తప్పు గుర్తిస్తే మార్కులో మూడో వంతు పోతుంది, ఇక్కడ గడి ఖాళీగానే ఓపిగ్గా ఉంటుంది.

ఇక్కడ ఒక పక్కమాట చెప్పాలి. పరీక్షలో ప్రశ్న కూర్చేవాడికీ రాసేవాడికీ మధ్య కూడా ఇలాంటి ఒప్పందమే ఉండాలని నాకనిపిస్తుంది: ఎంత కష్టమైనా పెట్టు, కానీ లెక్క తేలాలి. మెయిన్స్ ఎనిమిదో షెడ్యూలు భాషల్లో దేన్లోనైనా రాయవచ్చు. ప్రిలిమ్స్ పేపరు మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగులో చదువుకున్నవాడికి పేపరు ముందు భాష పజిలు, తర్వాత విషయం పజిలు. పాలిటీ తెలిసి కూడా ఒక క్రియావిశేషణం దగ్గర బోల్తాపడ్డ మిత్రులు నాకున్నారు. వాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కారు. వాళ్ళకి ఆ భాషని అనుమానించే చనువు ఎవరూ ఇవ్వలేదు. నాకు ఆ చనువు కొంతైనా ఇచ్చింది వైజాగు అబ్బాయి పేపరు మూల గడులూ, పెదనాన్న శనివారాలూ. మార్కులు పెరగవని ముందే అన్నాను, ఆ మాట మీదే ఉన్నాను. కానీ ప్రశ్న ముందు తలవంచుకుని కూర్చోవడం తగ్గింది.

బుధవారం రాత్రి పదకొండింటికి, మెస్సు నుంచి వచ్చి, ఎథిక్స్ కేస్ స్టడీ ఒకటి సగంలో ఆపి, మళ్ళీ ఆ కాగితం తీశాను. ఈసారి చివర నుంచి కాక మధ్య నుంచి మొదలుపెట్టాను. ‘మీరూ మేమూ’. ఇంగ్లీషులో దీనికి విలువ లేదు, వాళ్ళకి అన్నిటికీ ఒకటే ‘వి’. మనకి మేము వేరు, మనం వేరు. మీరూ మేమూ కలిస్తే మనం. చివరి రెండు గడులు: మ, నం. ‘నం’ ఉంది కదా, సరిపోయింది. సున్న చెరిగిన రాగం: రాగ. ‘గ’ ఉంది, సరిపోయింది. మళ్ళీ అంటే పునః, విసర్గ వదిలేస్తే పున. ‘న’ ఉంది. పున, రాగ, మనం.

పునరాగమనం. తిరిగి రాక.

శాస్త్రీయంగా చూస్తే దీనిలోనూ ఒక లోపం ఉంది. ‘పునః’ అన్నది ఆధారంలోనూ జవాబులోనూ ఒకే అర్థంలో వచ్చింది, జిమెనెస్ ఒప్పుకోడు. కానీ ‘రాగం’, ‘మనం’ రెండూ ‘ఆగమనం’ అన్న మాట వెన్ను విరిచి తీసినవి. ఆ విరుపు అందం ముందు ఆ లోపం నాకు లెక్కలోకి రాలేదు.

గడులు నిండాయి. ఆ రాత్రి నేను కేస్ స్టడీకి తిరిగి పోలేదు. పజిల్లోని జవాబుల్ని పక్కన వరసగా రాసుకుని చూశాను. కలవరం. కరివేపాకు. అధికారి. జయం. పునరాగమనం. పదకొండు గడుల్లో మాటలు ఇమడాలంటే కూర్పరికి దొరికిన మాటే వేస్తాడు, ఏరుకునే స్వేచ్ఛ తక్కువ. అది నాకు తెలుసు. ఆరక్షరాల మాట కావాల్సి వచ్చి, న, గ, నం పడే మాట ఇదొక్కటే దొరికి ఉండవచ్చు. లేదా ముందు ఆ మాట పెట్టుకుని, దాని చుట్టూ మిగతావన్నీ అల్లి ఉండవచ్చు. ఆరేళ్ళుగా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ‘మేము బాగానే ఉన్నాం, నువ్వెలా ఉన్నావు’ అంటుంది. ‘మనం’ అన్న మాట మా ఇంటి ఫోన్లలో వినపడి చాలాకాలమైంది. అది ఆధారంలో రావడం కాకతాళీయమా? ఇంటికి వచ్చెయ్యమంటున్నారా? లేక వచ్చేది ఎప్పుడని అడుగుతున్నారా? ఆ ‘రాక’కి ఉన్న రెండు అర్థాల్లో ఆయన మనసులో ఉన్నది ఏది?

గురువారం పొద్దున్న ఫొటో పంపి, ఫోన్ చేశాను.

“పెదనాన్నా, ‘ఎవరి వలన ఇంత తికమక’లో ‘ఎవరి’కి పనేముందండీ? లెక్క తేలట్లేదు” అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత నవ్వు. “ఒరే, ఇల్లన్నాక పని లేనివాడు ఒకడైనా అరుగు మీద ఉండాలి కదరా. లేకపోతే అది ఇల్లెలా అవుతుంది?”

“‘ఇంత’ కూడా అరుగు మీదేనా?”

“దానికి తోడు వీడు.”

అధికారి ఆధారం గురించి చెప్పాను, సంధి దగ్గర మోసపోతారెవరైనా అని. ఆయన చాలా సంతోషించారు. సవర్ణదీర్ఘం ఎన్నాళ్ళయినా మోసం చెయ్యదన్నారు. మిల్లు దగ్గర వానలకి రోడ్డు తెగిపోయిందని చెప్పారు. నాన్నకి మోకాలు కొంచెం నయమట. ఏడు నిలువు గురించి ఆయన అడగలేదు, నేను ఎత్తలేదు. పెట్టేసే ముందు మాత్రం, “అన్నీ పడ్డాయి కదా?” అన్నారు. “పడ్డాయండీ” అన్నాను. “ఊఁ” అన్నారు.

ఈ శనివారం ఆయన పజిల్ రాకముందే నేనొకటి పంపాను. గడులేమీ లేవు, ఒక్క ఆధారమే. జీవితంలో నేను కూర్చిన మొదటి ఆధారం అది: ‘ఓ కోయిలా, ఇంకొన్నాళ్ళు ఉండాల్సింది (3)’.

ఇరవై నిమిషాలకి జవాబొచ్చింది. మూడు గడులు గీసి, నింపి, పక్కన ఎర్ర ఇంకుతో టిక్కు పెట్టి ఉంది. దాని కింద, ఆరేళ్ళలో మొదటిసారి, అడ్డమూ కాని నిలువూ కాని ఒక వాక్యం రాశారు: “అరుగు మీద ఎవరూ లేరు, లెక్క సరిపోయింది.”

కాసేపటికి మామూలు పజిల్ కూడా వచ్చింది. ఈసారి పదమూడు బై పదమూడు.